మహావీరుని అక్షరాభ్యాసము

మానవజాతి యంతయు పరగ్రహవాసుల చేతిలో నశింపనున్న విషమసమయమున, శత్రునౌకలు చుట్టుముట్టి అగ్నివర్షము కురిపించుచుండగా, శీతలపేటికలో దీర్ఘనిద్రయందున్న యొక మహాయోధుని ఆదరాబాదరాగా మేల్కొలిపి, ఆపాదమస్తకము కవచధారియు అనేకసంగ్రామములలో ఆరితేరినవాడును అగు నాతనిచేత మొట్టమొదట చేయించు ఘనకార్యమేది? గదిని నలువైపుల కలయజూడుమందురు. పిదప మెరయు పలకలను ఒక్కొక్కటిగా చూడుమందురు. ఆతడు చూచును. పరీక్షకుడు సంతుష్టుడగును. 2001వ సంవత్సరమున వెలువడిన ‘హేలో’ అను వీడియో గేమునకు ఇది నాంది. ఆ కవచమువెనుక కంట్రోలరు పట్టి కూర్చున్నవాడు కొత్తవాడు కావున, వాని చేతికి నేర్పవలసిన విద్యను యోధుని మెడకు నేర్పినామని నిర్మాతలు సమాధానము చెప్పుదురు.

ఈ తంతునకు ట్యుటోరియల్ అని పేరు. కొత్త ఆటగాడు ఏమియు నెరుగడు. ఎరుగనివానికి భయము కలుగును. భయపడినవాడు ఆట కట్టిపెట్టి పోవును. కావున ఏ మీట నొక్కిన నడుచునో, ఏ మీట నొక్కిన దుముకునో, తానెవరి కుమారుడో, ఎవరిమీద పగ తీర్చుకొనవలెనో, ఇవియన్నియు కలిపి ఉగ్గుగిన్నెతో కొంచెము కొంచెముగా పోయవలెననునది సిద్ధాంతము. సిద్ధాంతము దయాపూర్ణమైనది. ఆచరణలో పెట్టినవారి దయ మరింత అపారమైనది గనుకనే దానినుండి తప్పించుకొనుట నరునకు సాధ్యము కాకున్నది.

ఈ దయకు పరాకాష్ఠ 2008 నాటి ‘ఫాల్అవుట్ 3’. నడక నేర్పవలెనన్న నడవనేరనివాడు కావలెను గదా యని తర్కించి, ఆ విద్వాంసులు ఆటగానిని ప్రసూతిగృహము నుండియే ప్రారంభించినారు. పుట్టుట యొక పాఠము. ఏడాది బిడ్డయై తండ్రివైపు తప్పటడుగులు వేయుట మరియొక పాఠము. పిమ్మట నొక బొమ్మలపుస్తకము తిరుగవేసి తన బలము, బుద్ధి, అదృష్టము ఎంతెంత యుండవలెనో ఆ శిశువే నిర్ణయించుకొనవలెను. బ్రహ్మ నొసట వ్రాయు వ్రాతను బిడ్డచేతికే యిచ్చిన ఔదార్యమునకు మాత్రము నేను చేతులెత్తి మ్రొక్కుచున్నాను. పదవయేట జన్మదినోత్సవము, ఒక గాలితుపాకి, పదునారవయేట పరీక్ష, పందొమ్మిదవయేట పలాయనము. అణుయుద్ధమున భస్మమైన వాషింగ్టన్ నగరమును చూడవలెనని వెలయిచ్చి కొనిన పెద్దమనిషి, భూగర్భమున తన బాల్యకౌమారముల నీడ్చుకొని వచ్చినగాని సూర్యుని ముఖము చూడజాలడు. అయినను ఇందొక చమత్కార మున్నదని ఒప్పుకొనవలెను: వీరు పాఠమును కథలో దాచినారు. తక్కినవారు కథను పాఠములో దాచుదురు.

అట్లు దాచువారికి అక్కరకు వచ్చు నాయకుడు మతిమరపువాడు. తానెవరో తనకే తెలియనివాడు దొరకిన, దారినపోవు ప్రతివాడును వానికి లోకవృత్తాంతమంతయు విన్నవింపవచ్చును. 1999 నాటి ‘ప్లేన్‌స్కేప్: టార్మెంట్’ నాయకుడు శవాగారమున జ్ఞాపకశూన్యుడై లేచెను (అందు ఆ మరపే కథకు ప్రాణము, అది వేరు మాట), 2017 నాటి ‘జెల్డా: బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’ నాయకుడు నూరేండ్ల నిద్రనుండి అట్లే లేచెను. దుష్యంతుని మరపునకు దుర్వాసుని శాపమైనను కారణముగా నుండెను. వీరిలో పెక్కుమంది మరపునకు కంట్రోలరే కారణము. మతి నిలిచియున్న నాయకుల గతి వేరు. సర్వశక్తులతో ప్రవేశించి, మనము వాని రుచి చూచునంతలో పోగొట్టుకొందురు: 2002 నాటి ‘మెట్రాయిడ్ ప్రైమ్’ నాయిక యొక విస్ఫోటనములో జారవిడుచుకొనును; 1997 నాటి ‘కాసిల్‌వేనియా: సింఫనీ ఆఫ్ ది నైట్’ నాయకుని సామగ్రిని మృత్యుదేవత స్వయముగా వేంచేసి జప్తు చేయును. ఇక గురువు పాత్రయన్న, మీటలన్నియు నేర్పిన వెంటనే చచ్చును. వానికి వేరు గురుదక్షిణ అక్కరలేదు.

చావని గురువులతోనే చిక్కు. మన ప్రాచీననాటకములలో సూత్రధారుడు నటితో నాలుగు మాటలాడి, ఒక ఋతువర్ణన పాడించి, కవిపేరు విన్నవించి, పాత్రప్రవేశము సూచించి మర్యాదగా నిష్క్రమించును. ఆటలలోని సూత్రధారుడు భరతవాక్యము వరకు వేదిక దిగడు. 1998 నాటి ‘జెల్డా: ఒకరీనా ఆఫ్ టైమ్’లో నావి యను నొక చిన్నిదేవత వినుము వినుమని చెవిలో రొదపెట్టుచునే యుండును, అది చాలదన్నట్లు వృద్ధగుడ్లగూబ యొకటి కొమ్మనెక్కి దీర్ఘోపన్యాసము చేసి, మరల చెప్పవలెనా యని యడుగును, తొందరలో మీట నొక్కినవాడు ఉపన్యాసమంతయు మొదటినుండి వినును. 2011 నాటి ‘స్కైవార్డ్ సోర్డ్’లో ఫై యను ఖడ్గాధిదేవత, యుగములు వేచియుండి వీరుని చేరి, లోకరహస్యములను ఉపదేశించు గంభీరస్వరముతోనే రిమోటులో బ్యాటరీలు తగ్గినవనియు విన్నవించును. 2021లో ఆ ఆటను సంస్కరించి మరల విడిచినపుడు ఆమె పలుకులను చాల తగ్గించినారు. దేవతకు మౌనవ్రతము సిద్ధించుటకు పదేండ్లు పట్టినది.

అయితే మీటకును కథకును ముడివేయు విద్యలో సాటిలేని ఘట్టము 2014 నాటి ‘కాల్ ఆఫ్ డ్యూటీ: అడ్వాన్స్‌డ్ వార్‌ఫేర్’లోనిది. నాయకుని ప్రాణమిత్రుడు యుద్ధమున మడిసెను. అంత్యక్రియ జరుగుచున్నది, బంధువులు నల్లనివస్త్రములతో నిలిచియున్నారు, నాయకుడు శవపేటికను సమీపించెను. దుఃఖమునకు ఇంతకంటె అనువైన క్షణము లేదు. అప్పుడు తెరమీద ఆజ్ఞ వెలువడును: శ్రద్ధాంజలి ఘటించుటకు ఎఫ్ నొక్కవలెనట! కన్నీరు కార్చుటకు ఏ మీటయో తెలుపలేదు. బహుశః తరువాతి పాఠమున నేర్పదలచి యుందురు. నొక్కినంతనే యోధుని చేయి పేటికమీద నిలుచును, ఋణము తీరును. మన ఊళ్లలో పురోహితుడు కర్తచేత తిలోదకములు విడిపించునపుడు కూడ మంత్రము చెప్పి చేయించునేగాని, ఇదిగో నీ దుఃఖమునకు మీట యని చూపడు. లోకమంతయు ఈ ఘట్టమును చూచి నవ్వినది. ఆ యక్షరము పరిహాసానుతాపమునకు గుర్తై దేశదేశముల వ్యాపించి, నేడు పరీక్ష తప్పిన మిత్రునకు మన తెలుగుకుర్రవాడును ఎఫ్ అని పంపుచున్నాడు. ట్యుటోరియళ్ల చరిత్రలో ఇన్ని కోట్లమంది మరువక కంఠస్థము చేసిన పాఠము మరియొకటి లేదు.

పూర్వమిట్లుండెనా? 1971లో నోలన్ బుష్నెల్, టెడ్ డాబ్నీ అనువారు ‘కంప్యూటర్ స్పేస్’ అను నాణెపుయంత్రమును కట్టిరి. దానిని ఆడవలెనన్న ముందు ఆదేశములు పఠింపవలసియుండెను. మద్యశాలకు చదువుకొనుటకై వచ్చువారు అరుదు గనుక ఆ యంత్రము ఆశించినంత రాణింపలేదు. మరుసటియేడు ‘పాంగ్’ వచ్చినది. దాని ముఖమున నున్న ఉపదేశసారము ఇంతే: బంతిని తప్పిపోనీయకుము. కాలిఫోర్నియాలోని సన్నీవేల్ మద్యశాలలో నుంచిన ఆ యంత్రము కొన్నిదినములకే ఆగిపోగా, ఏమి రోగమో యని విప్పి చూచిరి. నాణెములు నిండి గొంతు పూడినది. తూలుచున్న మనిషికి ఒక్కవాక్యము చాలినది.

1985లో వచ్చిన ‘సూపర్ మారియో బ్రదర్స్’ అంతకంటె మౌని. మారియో తెరకు ఎడమప్రక్క కుడివైపు చూచుచు నిలుచును. ఎదుట బయలంతయు ఖాళీ. కావున కుడికే పోవుదుము. ప్రశ్నార్థకముతో మెరయు దిమ్మె యొకటి, కోపపుకనుబొమలతో నడిచివచ్చు పుట్టగొడుగు యొకటి. తగిలిన చత్తుము, చచ్చినవాడు రెండవమారు దుముకును. దిమ్మెను తలతో కొట్టిన మంచి పుట్టగొడుగు వెలువడి, గొట్టమునకు కొట్టుకొని మనవైపే తిరిగివచ్చును, తప్పించుకొనజూచినవాడు సైతము మీది దిమ్మెలకు తల తగిలి దానిమీదనే పడును, పడినంతనే పెరుగును. దాని నిర్మాతలగు మియామోటో, తెజుకాలు ఇంత చెప్పుటకు ఒక్క యక్షరమైనను తెరమీద వ్రాయలేదు. ఆటతో నొక చిన్నపుస్తకము ఇచ్చిరి, నిజమే. కాని దానిని విప్పకయే ఆడిన బాలురకు లెక్కలేదు.

ఆనాటి కంట్రోలరుకు మీటలు కొద్ది, నేటిదానికి పదికి మించియున్నవి, పైగా 2010లో యూబీసాఫ్ట్‌వారు కాగితపు పుస్తకములనే మానుకొన్నారు, ఇక తెరమీదగాక ఎచ్చట నేర్పుదుమని నేటి నిర్మాతలు ఎదురుప్రశ్న వేయుదురు. వేయవచ్చును. కాని 2004 నాటి ‘హాఫ్-లైఫ్ 2’లో, రైలు దిగిన మనకు ఒక రక్షకభటుడు అడ్డము నిలిచి, తానే నేలపడద్రోసిన ఖాళీడబ్బాను ఎత్తి చెత్తబుట్టలో వేయుమని గద్దించును. వేయవచ్చును, వాని మొగమునకే విసరి లాఠీదెబ్బలు తినవచ్చును. ఎట్లు చేసినను వస్తువు నెత్తుటయు విసరుటయు చేతికి వచ్చినవి; ఆ పట్టణమున ప్రభుత్వ మెట్టిదో ఏ ఉపన్యాసమును లేకయే తెలిసినది. మీటలు హెచ్చినవను సాకు ఈ డబ్బాయెదుట నిలువదు. కొరవడినది ఆటగానికి బుద్ధి యున్నదను నమ్మకము. నమ్మకము మితిమీరినవారును లేకపోలేదు: 1999 నాటి ‘డ్రైవర్’లో భూగర్భవాహనశాలయందు నిమిషములోపల సమస్త సారథ్యవిద్యలు ప్రదర్శించినగాని కథాప్రవేశమే లేదు, కొనిన ఆటయొక్క వాకిలి దాటక వృద్ధులైనవారు కొందరు నేటికిని ఆ వాహనశాలను తలచి పండ్లు కొరుకుదురు.

ఇక ఉచితముగా లభించు మొబైలు ఆటల విద్యాదానము వేరు జాతిది. అందు తెరయంతయు చీకటి చేసి, ఒక్క మీటను వెలిగించి, దానిమీద తెల్లని వ్రేలొకటి ఆడింతురు. మరేది ముట్టినను చలనముండదు. ఇల్లు కట్టుమందురు, కట్టుదుము. పూర్తియగుటకు కొంతకాలము పట్టునందురు, సరేయని కూర్చుండబోవుదుము. అంతలో వ్రేలు రత్నములవైపు తిరిగి, కనిపెట్టుకొనియుండుట అనాగరికమనియు, ఒక్క రత్నము వెచ్చించిన ఇల్లు తత్క్షణమే లేచుననియు బోధించును. రత్నములు వారిచ్చినవే, ఖర్చునకు చేయి అలవాటుపడుటకై ఇచ్చినవి. ఇల్లు వెనుక ఇల్లు లేచుచుండగా అవియు నిండుకొనును. అంతవరకు అడుగడుగునకు చేయిపట్టి నడిపించిన వ్రేలు సరిగా అచ్చట మాయమగును. కార్డుసంఖ్య ఎచ్చట వ్రాయవలెనో, యూపీఐ పిన్ను ఎట్లు కొట్టవలెనో నేర్పు ట్యుటోరియల్ నేను చూచినంతలో ఏ ఆటయందును లేదు. ఆ యొక్క పనికి మాత్రము ఆటగాడు చెప్పకయే గ్రహింపగల మేధావియని వారి దృఢవిశ్వాసము.