డోన్ జంక్షన్‌లో పాటల పంచాయితీ

సినిమా పాటలకు ఇప్పుడు ముహూర్తాలు పెడుతున్నారు. ఉదయం 11:07 అనీ, సాయంత్రం 4:05 అనీ నిమిషాలతో సహా పోస్టరు మీద వేస్తారు. మన ఇళ్లలో తాళి కూడా అంత కచ్చితంగా పడదు. ఫోటోగ్రాఫరు "ఇంకొక్కసారన్నా" అంటే కట్టిన తాళే మళ్లీ కట్టే కాలం. పాట మాత్రం 4:05 అంటే 4:05కే పడాలి. డోన్‌లో దాని మీద తీర్పు మూడున్నరకే పడిపోతుంది.

స్టేషన్ రోడ్డులో మిరపకాయ బజ్జి తిని చేయి కడుక్కుంటూ ఒకాయన అంటాడు: "ఏం పాటప్పా అది, సప్పగుండాది." ఇంకా రాలేదు కదా అని ఎవరూ అడగరు. అడిగినవాడు అవతలి హీరో మనిషని రుజువైపోతుంది. ఒకవేళ ఎవరైనా కొత్తగా ఊరికొచ్చినవాడు అడిగినా జవాబు సిద్ధంగా ఉంటుంది: "వచ్చేదేంది, ప్రోమో సూడలేదా?" ప్రోమో అంటే పాటకు ముందు వదిలే చిన్న ముక్క. దానికి ముందు, ప్రోమో ఎప్పుడొస్తుందో చెప్పే పోస్టరు. ఆ పోస్టరులో హీరో కాలు ఎటు విసిరాడో చూసి దరువేమిటో చెప్పగల విద్వాంసులు మా ఊళ్లో ఉన్నారు. ఆడియో కంపెనీలు ఈ సంగతి గ్రహించి, పాట పాడించే ఖర్చు మానుకుని పోస్టరుతోనే సరిపెడితే ఎంతో మిగులుతుంది. పొగిడేవాళ్లకూ తిట్టేవాళ్లకూ ఏ లోటూ రాదు.

ఐర్లండులోనో అమెరికాలోనో అయితే జనం రాక్ బ్యాండుల ఆల్బమ్‌ల మీద కొట్లాడుకుంటారు. మనకు ఆ వసతి తక్కువ. హైదరాబాదులో చౌరస్తా లాంటి బ్యాండ్లు లేకపోలేదు. వాళ్లు 'ఊరెళ్లిపోతా మామా' పాడితే ఊళ్లన్నీ విన్నాయి, ఒక్క ఊళ్లోనూ గొడవ కాలేదు. హీరో లేని పాట మీద కొట్టుకుంటే ఎవరి తరఫున కొట్టుకున్నట్టు? అందుకే మనకు బ్యాండంటే హీరో, సంగీత దర్శకుడు కలిసిన జంట. జంట మారినప్పుడల్లా విధేయతలు కూడా మార్చుకోవలసి రావడం ఒక్కటే కష్టం. నిన్నటి సినిమాకు "మా దేవిశ్రీ" అన్న నోటితోనే రేపటి సినిమాకు "వాని పాటలన్నీ ఒకటేరా" అనాలి. నాలుకకు ఎముక లేదని పెద్దలు ఊరికే అనలేదు.

2020 సంక్రాంతి నాటి యుద్ధం తెలిసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. జనవరి 11న 'సరిలేరు నీకెవ్వరు', 12న 'అల వైకుంఠపురములో'. అటు దేవిశ్రీ ప్రసాద్, ఇటు తమన్. అసలు పోరు ఎప్పుడో డిసెంబరులోనే, నిజం చెప్పాలంటే సెప్టెంబరులో 'సామజవరగమన' వచ్చిన రోజే మొదలైంది. 'సరిలేరు' వాళ్లు డిసెంబరులో సోమవారానికొక పాట వదిలారు. సోమవారం పాట, మంగళవారం తిట్లు, బుధవారం నుంచి వివరణలు. పైగా ఆ సినిమాలో కథ అప్పటి మా జిల్లా కేంద్రం కర్నూలుకే వస్తుంది. 'ఒక్కడు'లో కొండారెడ్డి బురుజు చూసి 2003 నుంచీ మురిసిపోతున్న జనం మేము. పాటలు బాగలేవంటే కర్నూలు పరువు కూడా పోయినట్టే. డోన్‌లో మహేష్ బాబు అభిమానుల మీద అప్పుడు పడిన బరువు బేతంచర్ల బండల లారీ మీద కూడా పడి ఉండదు.

'మైండ్ బ్లాక్' వచ్చిన సాయంత్రం వాళ్ల ముఖాలు చూడాలి. బాగుందంటే ఆత్మవంచన, బాగలేదంటే ద్రోహం. చివరికి మధ్యేమార్గం ఒకటి కనిపెట్టారు: "సినిమాలో సూడాల్రా, విజువల్‌గా ఉంటాది." వినడానికి చేసిన పాటను చూడమనడం ఏమిటని అవతలివాళ్లు నవ్వారు. తీరా సినిమా వచ్చాక లుంగీ కట్టిన మహేష్ ఆ పాటకు ఆడుతుంటే థియేటరులో ఈలలు ఆగలేదు. నవ్వినవాళ్లూ వేశారు. బయటికొచ్చి మాత్రం "అది డాన్సు మాస్టర్ గొప్పదనం" అన్నారు. మంచిదైతే డాన్సు మాస్టరుది, చెడ్డదైతే సంగీత దర్శకుడిది, మొత్తానికి బతికేది హీరో. ఈ లెక్క ఎవరు వేశారో గానీ ఎప్పుడూ తప్పదు.

అవతలి శిబిరంలో ఇబ్బంది వేరు. వాళ్ల ఆల్బమ్ బాగుందని శత్రువులు కూడా ఒప్పేసుకున్నారు. ఇక పోట్లాడటానికి ఏముంది? అప్పుడు మా వీధిలో రిటైరైన అయ్యవారు ఆదుకున్నారు. ఆయన లెక్కలో సినిమా పాట 1974లో, ఘంటసాల పోయిన ఫిబ్రవరి 11న ముగిసింది. ఆ తర్వాత వచ్చినదంతా అనుబంధం. బాలును కూడా చాలాకాలం పిల్లవాడి కిందే లెక్కేశారు; 2020 సెప్టెంబరులో ఆయనా పోయాక ఘంటసాల సరసన కుర్చీ వేశారు. ఆయన దగ్గర గొప్పవాడు కావాలంటే ముందు చనిపోవాలి.

ఆ అయ్యవారు 'సామజవరగమన' విని మండిపడ్డారు. త్యాగరాజస్వామి హిందోళంలో కృష్ణుణ్ని పిలిచిన పిలుపును పట్టుకొచ్చి పిల్ల కాళ్ల చుట్టూ తిప్పుతారా అని. ఆ సిద్ శ్రీరామ్ ఉచ్చారణ ఏ జిల్లాదో చెప్పమన్నారు. రాసినవాడికి నాలుగు తగిలించాలన్నారు. రాసింది సిరివెన్నెల సీతారామశాస్త్రి అని పక్కనున్న పిల్లవాడు చెప్పాడు. అయ్యవారు కళ్లజోడు తీసి తుడిచారు. మళ్లీ పెట్టుకున్నారు. "అయితే అందులో లోతు ఏదో ఉంటుందబ్బీ. ఇంకోసారి పెట్టు." ఆ రోజు ఇంకో మూడుసార్లు పెట్టించుకున్నారు. లోతు దొరికింది. విమర్శకుడికి ముందుగా కావలసింది ఆధార్ కార్డే, పాట తర్వాత.

మూడో రకం, ఇంజినీరింగు చదివే పిల్లలు. వీళ్లు బాగుంది, బాగలేదు అనరు. "మిక్సింగ్ క్లీన్‌గా లేదన్నా" అంటారు. ఒక చెవిలో ఇయర్‌ఫోను, రెండోది స్నేహితుడి చెవిలో, పక్కన గుంతకల్లు వైపు పోయే గూడ్సు హారను. ఆ పరిస్థితుల్లో మిక్సింగులో లోపం పట్టడం మాటలు కాదు. వీళ్ల మీద నాకు గౌరవమే.

ఈ జబ్బు మనదొక్కటే కాదు కాబట్టి సిగ్గుపడనక్కర్లేదు. 2003లో మెటాలికా బ్యాండు 'సెయింట్ యాంగర్' అనే ఆల్బమ్ తెస్తే, రెండు దశాబ్దాలు దాటినా దాని అభిమానులు పాటల సంగతి ఎత్తరు. ఆ డ్రమ్ము రేకు డబ్బాలా మోగిందని మాత్రమే తిడతారు. 2014 సెప్టెంబరులో యూటూ బ్యాండు ఇంకో అడుగు వేసింది. ఆపిల్ కంపెనీతో కలిసి తన కొత్త ఆల్బమ్‌ను దాదాపు 50 కోట్ల మంది ఖాతాల్లో ఉచితంగా వేసేసింది. వాళ్లు దండం పెడతారనుకుంటే, అడగని పాట మా ఫోనులోకి ఎట్లా వచ్చిందని మండిపడ్డారు. వారం తిరగకముందే, ఆ ఆల్బమ్‌ను తీసి పారేసుకోవడానికి ఆపిల్ ప్రత్యేకంగా ఒక వెసులుబాటు కల్పించాల్సి వచ్చింది. మా డోన్‌లో రేషన్ బియ్యం మీద కూడా ఇంత అసమ్మతి చూడలేదు.

ఉచితం దగ్గరే ఉంది కిటుకు. క్యాసెట్టు కాలంలో ఇంత తొందరపాటు తీర్పులు లేవు. కారణం సంస్కారం కాదు, డబ్బు. 'కోరిన పాటలు రికార్డు చేసి ఇవ్వబడును' అని బోర్డు కట్టిన కొట్టులో చీటీ రాసిచ్చి, రెండు రోజులాగి, డబ్బు కట్టి తెచ్చుకున్న పాట బాగలేదని ఎవడంటాడు? ఇంట్లో తిట్లు తినాలి. అందుకని బాగయ్యేదాకా వినేవాళ్లు. 1993లో 'జెంటిల్‌మన్', మరుసటేడు 'ప్రేమికుడు' వచ్చినప్పుడు మా దగ్గర మొదటి మాట "వాయిద్యాలే గానీ మాట ఇనపడదు" అనే. టేపు వెనక్కి తిప్పీ తిప్పీ, బ్యాటరీ మిగుల్చుకోవడానికి పెన్సిలుతో తిప్పీ, నెలకల్లా అదే రెహమాన్‌ను నిద్రలో కూడా పాడారు. అక్కడ పుట్టిందే "స్లో పాయిజన్రా, ఇనంగా ఇనంగా ఎక్కుతాది" అనే సిద్ధాంతం. నిజానికి ఎక్కింది విషం కాదు, పెట్టిన పెట్టుబడి. ఇప్పుడు పెట్టుబడి లేదు. బొటనవేలు ఒక్కటి పైకి తోస్తే పాట పోతుంది. సిద్ధాంతం మాత్రం అలవాటుగా మిగిలింది. 2010 నాటి 'కొమరం పులి' పాటలు ఎక్కుతాయని మా మిత్రుడొకడు ఇప్పటికీ నాడి పట్టుకుని కూర్చున్నాడు.

ఇక 'గుంటూరు కారం' సంగతికి రావాలి. గుంటూరు రైలు నంద్యాల మీదుగా నేరుగా మా జంక్షనుకే వస్తుంది కాబట్టి ఆ కారం మాకు దూరం కాదు. 2023 నవంబరులో మొదటి పాట బయటికి రాకముందే కొంత ముక్క లీకైంది. అంటే తీర్పు ముందుగా రావడమే కాదు, ఈసారి పాట కూడా ముందుగానే వచ్చి తీర్పుకు పోటీ ఇచ్చింది. డిసెంబరులో 'ఓ మై బేబీ' వచ్చింది. తిట్టింది అవతలివాళ్లు కాదు, సొంత అభిమానులు. మా హీరోకు ఈ పాటా అని తమన్‌ను తిట్టారు, రాసినందుకు రామజోగయ్య శాస్త్రిని తిట్టారు, ఆయన నొచ్చుకుని బదులిస్తే బదులిచ్చినందుకు తిట్టారు. ప్రేమ ఎక్కువైతే మనిషి ఎంతకైనా తెగిస్తాడు.

నెలాఖరుకు 'కుర్చీ మడతపెట్టి' దిగింది. యూట్యూబులో ఒక పెద్దాయన నోటి నుంచి జారిన మొరటు మాట చుట్టూ అల్లిన పాట. అయ్యవారు ఈసారి ఎవరు రాశారని కూడా అడగలేదు, తలుపేసుకున్నారు. అభిమానుల్లో సగం మంది "ఇదేందిరా, మహేష్‌కు ఈ మాటా?" అన్నారు. మిగతా సగం గమ్మునున్నారు, అంటే నచ్చిందన్నమాట. కొన్నాళ్లకు ఆ పాట హ్యూస్టన్‌లో ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ ఆట విరామంలో మోగింది. ఆ వీడియో డోన్ చేరిన రాత్రి నుంచి, "నేనా పొద్దే సెప్పినా" అననివాడు ఊళ్లో లేడు. అమెరికా ఒప్పుకున్నాక మనకు బాగుండటం కొత్త కాదు. 2021 నవంబరులో 'నాటు నాటు'ను "కీరవాణి స్థాయి కాదప్పా" అని కొట్టిపారేసినవాళ్లు, 2023 మార్చిలో ఆస్కారు రాగానే కీరవాణి మా పెద్దనాన్న అన్నంత దగ్గరయ్యారు. అప్పుడు కొత్త అసమ్మతి బయల్దేరింది: "కీరవాణివి ఇంతకన్నా మంచియి ఉండాయి, వాటికియ్యాల్సింది." ఎట్లాగైనా సరే, బహుమతి ఇచ్చినవాడికంటే మనకు ఒక పాలు ఎక్కువ తెలిసి ఉండాలి.

ఇంతమంది ఇన్ని మాట్లాడుతుంటే అసలు పాట బతుకు ఎవరి చేతుల్లో ఉందో ఎవరూ గమనించరు. డీజే బండి నడిపే కుర్రాళ్ల చేతుల్లో. వాళ్లకు అభిప్రాయాలుండవు. ఒకణ్ని అడిగా, నీకే ఆల్బమ్ నచ్చిందప్పా అని. "నాకు నచ్చేదేందన్నా, జనం కాలు లేయాల" అన్నాడు. వాడి ఫోనులో పాటలు హీరోలవారీగా ఉండవు, సంగీత దర్శకులవారీగా ఉండవు. ఊరేగింపు మొదట్లో వేసేవి, మధ్యలో వేసేవి, పోలీసులు వచ్చి ఆపమనే ముందు వేసేవి, అంతే. మూడేళ్లు మేము కొట్లాడి తేల్చలేనిది వాడు రెండు పెళ్లిళ్లలో తేల్చేస్తాడు. కాలు లేవని పాటను మూడోపెళ్లికి తీసేస్తాడు. అది ఏ హీరోదో కూడా చూడడు. 2022లో డోన్‌ను కర్నూలు నుంచి తీసి నంద్యాల జిల్లాలో కలిపినప్పుడు కూడా ఇంత నిర్లిప్తంగా జరగలేదు.

మొన్న వినాయకుని నిమజ్జనంలో ఈ కుర్రాడు ఏ శిబిరాన్నీ అడక్కుండా 'మైండ్ బ్లాక్', 'రాములో రాములా', 'కుర్చీ మడతపెట్టి' వరసగా వాయించాడు. రంగులో మునిగిన జనంలో ఎవరు ఎవరి అభిమానో తెలియలేదు. కానీ దేవిశ్రీ పాటలన్నీ చప్పటివని అయిదేళ్లుగా స్టేషన్ రోడ్డులో నిరూపిస్తున్న బజ్జీల పెద్దమనిషి, 'మైండ్ బ్లాక్' దరువుకు మోకాళ్లదాకా లుంగీ ఎత్తి ఎగరడం వీధంతా చూసింది. వీడియో కూడా ఉంది. మర్నాడు పొద్దున ఉగ్గాని ప్లేటు ముందు పెట్టుకుని కూర్చున్న ఆయనకు ఆ వీడియో చూపించారు.

"నేనెక్కడ ఎగిర్నాన్రా? కాలికింద టపాకాయ పడింటే దూకినా" అన్నాడాయన, ప్లేటు మీంచి తల ఎత్తకుండా. "అయినా ఆ తమన్‌ది కొత్తది రేపు 11:07కు వస్తాందంట కదా. సూసినా. బ్రమ్మాండం."