సెట్టింగన్న

కరీంనగర్‌లో అతణ్ణి ఏ ఇంటికైనా భోజనానికి పిలవండి, వచ్చి పెట్టింది తిని పోతాడు. "మా సిస్టం జర స్లో అయిందన్నా" అని మాత్రం అనకండి. చెయ్యి కడుక్కోకుండానే లేస్తాడు. అతని అసలు పేరు రేషన్ కార్డులో ఉంటుంది. మంకమ్మతోట నుంచి ముకరంపుర దాకా అందరూ పిలిచేది సెట్టింగన్న అనే. వాడకొకడుంటాడు ఇట్లాంటివాడు. జగిత్యాలలో ఉన్నాడు, పెద్దపల్లిలో ఉన్నాడు. కంప్యూటర్ కోర్సు చదవలేదు, రిపేరు షాపు లేదు, పైసలు ముట్టడు. ఆ మూడో గుణం వల్లనే ఎవరికీ వద్దనే ధైర్యం రాదు.

కుర్చీలో కూర్చోగానే రైట్ క్లిక్ కొట్టి రిఫ్రెష్ నొక్కుతాడు. చేతి తీట తీరేదాకా నొక్కుతాడు. అది తెర మీది బొమ్మలను మళ్ళీ గీయడమే తప్ప దానితో కంప్యూటర్‌కు ఒరిగేదేమీ లేదని చెప్పి చూడండి, "గట్లనే అంటరు" అని ఇంకో రెండు కొడతాడు. తర్వాత రన్ తెరిచి టెంప్ ఫైళ్ళు పీకేస్తాడు, ప్రీఫెచ్ ఫోల్డర్ ఊడ్చేస్తాడు. ప్రీఫెచ్ అంటే ప్రోగ్రాములు తొందరగా తెరుచుకోవడానికి విండోస్ తానే రాసిపెట్టుకున్న గుర్తులు. పాపం, ఊడ్చిన మర్నాటి నుంచి వాటిని మళ్ళీ కూడబెట్టుకోవాలి. ఆ తర్వాత ఎంఎస్‌కాన్ఫిగ్. అందులో ప్రాసెసర్ల సంఖ్య అని ఒక గడి ఉంటుంది. దాన్ని ముట్టకుండా వదిలేస్తే విండోస్ ఉన్న కోర్లన్నీ వాడుకుంటుంది. అన్న అక్కడ టిక్కు పెట్టి, నాలుగు అని ఎంచి, "ఇన్నొద్దులు ఒక్కటే ఉరికింది, ఇప్పుడు నాలుగూ ఉరుకుతయ్" అంటాడు. ఇంటాయనకు కళ్ళు చెమరుస్తాయి.

అన్నకు అన్యాయం చేయకూడదు. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ జాబితా తెరిచి, పిలవని పేరంటానికి వచ్చినట్టు ఆన్ కాగానే లేచి కూర్చునే ప్రోగ్రాములను బంద్ చేస్తాడు చూడండి, అది నిజంగా పనికొచ్చే పని. అక్కడితో లేచి అన్నం ముందు కూర్చుంటే నాకు ఇంత రాసే అవసరం ఉండేది కాదు.

లేవడు. బెస్ట్ పర్ఫార్మెన్స్ అన్న గడి నొక్కుతాడు. నీడలు పోతాయి, మెరుపులు పోతాయి, అక్షరాల అంచులు గరుకుదేలతాయి. ఫోటోల ఫోల్డర్‌లో మొహాలకు బదులు అన్నీ ఒకే తీరు గుర్తులు వరుసగా నిలబడతాయి. "అయ్యో, పోరని తొట్టెల ఫోటోలన్నీ పోయినయ్" అని ఇంటామె గుండె బాదుకుంటుంది.

"యాడికి పోలేదక్కా, కనబడకుంట చేసిన. కనబడితే స్లో అయితది."

భద్రత విషయంలో అన్న జీవితం రెండు యుగాలు. మొదటి యుగంలో అతని సిద్ధాంతం సూటిగా ఉండేది: సిస్టంను నెమ్మది చేసేది కాపలా కాసేవాళ్ళే. అప్‌డేట్లు బంద్, డిఫెండర్ బంద్, మీరు ఒప్పుకుంటారా అని అడిగే గడీ బంద్. "మనింట్ల ఏమున్నదని దొంగ వస్తడు?" 2017 మే నెలలో వానాక్రై వచ్చింది. ఫైళ్ళకు తాళం వేసి, విప్పాలంటే మూడువందల డాలర్లు బిట్‌కాయిన్లలో కట్టమంది. దేశదేశాల ఆసుపత్రులతో పాటు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని కూడా దానికి చిక్కాయి. అది దూరిన కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. దొరికిపోయింది చాలావరకు అది వేసుకోనివాళ్ళే. ఠాణాకే తాళం పడిందని టీవీలో చూసిన రాత్రి అన్నకు నిద్ర పట్టలేదు. తెల్లారి రెండో యుగం మొదలైంది.

రెండో యుగం ఇంకా ప్రమాదం. కోర్టు దగ్గర ఒక జిరాక్స్ సెంటర్‌లో జనం ఆధార్ కాగితాలు ఎక్కువగా ఉంటాయని, డిస్కుకే తాళం వేసే బిట్‌లాకర్ పెట్టాడు. మంచిదే. దానికి నలభై ఎనిమిది అంకెల తాళంచెవి ఒకటి వస్తుంది, భద్రంగా దాచాలి. చేతికందిన కాగితం వెనక రాసి టేబుల్ మీద పెట్టాడు. మర్నాడు ఇంకొంచెం వేగం పెంచుదామని తానే బయోస్‌లో చెయ్యి పెట్టాడు. తలుపులో ఏదో మారిందని బిట్‌లాకర్ అనుమానపడి ఆ నలభై ఎనిమిది అంకెలూ అడిగింది. టేబుల్ మీది కాగితం ఎవరిదో కుల ధ్రువీకరణ దరఖాస్తు. అప్పటికే తహసీల్దార్ ఆఫీసుకు చేరింది.

ఈ జిల్లాలో అన్న చెయ్యి ఆడని చోటు టవర్ సర్కిల్ పక్కన ఒక్కటుంది. పెండ్లి పత్రికలు కొట్టే డీటీపీ షాపు. అక్కడ ఇప్పటికీ ఎక్స్‌పీ, పేజ్‌మేకర్, అను ఫాంట్లు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తోనే మైక్రోసాఫ్ట్ చేతులు కడుక్కుంది. అన్న మారుస్తానన్నప్పుడల్లా షాపాయన దండం పెడతాడు. వేరే చోట మార్చినప్పుడు అను ఫాంటు ఎక్కక, చి.ల.సౌ. ఉండాల్సిన చోట ఇంగ్లిష్ గీతలూ చుక్కలూ వచ్చి, మాఘమాసం నడుమ పెండ్లివారు షాపు మీదికి వచ్చిన ముచ్చట ఆయనకు తెలుసు. "నా డబ్బాకు వైరు లేదు, వైరసు లేదు. పో తమ్మీ" అంటాడు. ఇంటర్‌నెట్ అసలే ఇవ్వకుండా పాత సిస్టంను పక్కన కూర్చోబెట్టడం మంచి కాపలానే. అన్న దాన్ని మొండితనం అంటాడు.

2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. సరిగ్గా పత్తి మార్కెట్‌కు వచ్చే రోజులు. ఆదిలాబాద్‌లో జిన్నింగ్ మిల్లులో లెక్కలు రాసే బామ్మర్ది ఫోన్ చేశాడు, సిస్టం ఊపిరాడనట్టు రొద పెడుతోంది, మాటిమాటికి ఆరిపోతోంది, పదకొండుకు మార్చిపో బావా అని. అన్న బస్సెక్కాడు. ఆ డబ్బాలో విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 లేదు. సరే, సెట్టింగులతోనే బాగుచేస్తానన్నాడు. పొద్దున కూర్చున్నవాడు అన్నాలవేళకు కూడా లేవలేదు. కాంటా దగ్గర బండ్లు ఆగి ఉన్నాయి.

ఇక్కడొక మాట. కరీంనగర్‌లో గ్రానైటు పొడి, గోదావరిఖనిలో బొగ్గు దుమ్ము, ఆదిలాబాద్‌లో దూది. ఉత్తర తెలంగాణ కంప్యూటర్లు మెల్లగా నడవడానికి సగం కారణం విండోస్‌లో వెతికితే దొరకదు. ఫ్యాను మూసుకుపోతే ప్రాసెసర్ వేడెక్కుతుంది, వేడెక్కితే తనను కాపాడుకోవడానికి తానే వేగం తగ్గించుకుంటుంది, ఇంకా వేడెక్కితే ఆరిపోతుంది.

చాయ్ తెచ్చిన పోరడు చూసి చూసి డబ్బా పక్క రేకు విప్పాడు. లోపలి నుంచి ఒక చిన్న దిండుకు సరిపడా దూది లాగాడు. రొద ఆగింది, సిస్టం ఉరికింది.

"చూసినవా సేటూ," అన్నాడు అన్న, "సెట్టింగ్ చేస్తెనే అదంత బయటికొచ్చింది."

మిల్లు సేటు తల ఊపి, చాయ్ చేతికిచ్చి, మర్యాదకు అడిగాడు: "మరి మీ ఇంట్ల సిస్టం ఎట్లున్నదన్నా?"

"పదకొండు సెకండ్లల్ల ఆన్ అయితది."

"దాంట్ల ఏంజేస్తవ్?"

అన్నకు ప్రశ్న అంతుబట్టలేదు. కాసేపు ఆలోచించాడు.

"ఆన్ చేస్త."