పత్తి తీసినాక

మాది చండ్రుగొండలో ఎరువులు, పురుగుమందుల కొట్టు. మా నాన్న పెట్టింది. గుమాస్తా కూడా మా నాన్న పెట్టినవారే. ఈ రెంటిలో దేన్నీ మార్చే ధైర్యం నాకు ఇప్పటిదాకా రాలేదు.

నావల్ల కాని పని చేసిపెడదామని మొన్న మే నెలలో హైదరాబాదు నుంచి మా మేనల్లుడు దిగాడు. వాడు సాఫ్ట్‌వేరు. వచ్చిన సాయంత్రమే కొట్లో యూరియా బస్తా మీద కూర్చుని, గంటసేపు మమ్మల్ని ఎగాదిగా చూసి, "మామయ్యా, మీ ప్రొడక్టివిటీ చాలా తక్కువగా ఉంది" అన్నాడు. అదేదో బీపీ, షుగరు లాంటిదనుకుని మా గుమాస్తాగారు, "వేళకి తినరు బాబూ, చెప్తే వినరు" అని నా మీద ఫిర్యాదు చేశారు.

పాత పద్ధతి మార్చడమంటే కష్టంరా అని నేను నసిగాను. "మీరు ఈ కుర్చీలోంచి కదలకుండానే 2014లో రాష్ట్రం మారింది. 2016లో ఖమ్మం జిల్లా పోయి భద్రాద్రి కొత్తగూడెం వచ్చింది. మండలంలో కొంత చీలి అన్నపురెడ్డిపల్లికి పోయింది. ఇన్ని మారాక ఒక్క ఖాతా పుస్తకం మార్చలేరా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

అలాగని మేం మరీ వెనకబడి ఏమీ లేం. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పటి నుంచి బిల్లు కంప్యూటర్లోనే కొడుతున్నాం: ఎరువుకి 5 శాతం, పురుగుమందుకి 18 శాతం. సబ్సిడీ ఎరువు అమ్మాలంటే రైతు వేలిముద్ర వేయాల్సిన మిషనూ ఉంది. పత్తి ఏరి ఏరి, తునికాకు కోసి కోసి గీతలన్నీ అరిగిపోయిన బొటనవేలు దానికి ఒక పట్టాన అర్థం కాదు. తుడిచి పెట్టమంటుంది, మళ్లీ పెట్టమంటుంది, వేరే వేలు పెట్టమంటుంది. మా గుమాస్తాగారైతే రోడ్డుకి అవతల బస్సు దిగే మనిషిని నడక చూసి గుర్తుపట్టి, వాళ్ల నాన్న బాకీ ఎంతో కూడా చెప్పేస్తారు.

మేనల్లుడు ముందుగా ల్యాప్‌టాప్‌లో ఒక బోర్డు తెరిచాడు. మూడు గళ్లు: చేయాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి. ఒక్కో పనికి ఒక్కో చీటీ. పని జరిగేకొద్దీ చీటీ పక్క గడిలోకి జరుగుతుంది. దీన్ని కాన్‌బాన్ అంటారట. జపాన్‌లో టొయోటా కార్ల ఫ్యాక్టరీలో తాయిచి ఓనో అనే ఆయన పెట్టిన పద్ధతట. మరి ఆయనకెలా తట్టిందిరా అంటే, అమెరికాలో సూపర్ మార్కెట్లు చూసి తట్టిందన్నాడు. అరలో సరుకు ఖాళీ అయ్యాకే మళ్లీ అంత సరుకు తెచ్చి పెడతారు కదా, అది చూసి. అంటే కొట్టు వాళ్ల దగ్గర నేర్చుకుని, కార్ల వాళ్లు వాడి, కంప్యూటర్ల వాళ్లు అందుకుని, చివరికి నెలకింత చందా కట్టమని మళ్లీ కొట్టు వాడి దగ్గరికే తెచ్చారన్నమాట!

మా గోడకి మేకులు కొట్టి రెండు ఇనుప తీగలు వేలాడదీసి ఉంటాయి, కింద కొక్కెంలా వంచి. ఒకదానికి బాకీ చీటీలు గుచ్చుతాం, డబ్బు వచ్చాక తీసి రెండో దానికి గుచ్చుతాం. మా నాన్న టొయోటా పేరైనా వినకుండానే పోయాడు.

తర్వాత అసలు సాఫ్ట్‌వేరు. దాని పేరు చెప్పను, వాళ్ల పొట్ట కొట్టడం నాకిష్టం లేదు. మూడు నెలలు ఉచితం. ఖాతాదారుల పేర్లన్నీ ఎక్కించమన్నాడు. భద్రాద్రి రాముడు దగ్గర్లోనే ఉన్నాడు గనక మా వైపు ఇంటికో రాములు. పుస్తకంలో వాళ్లకి ఏ తకరారూ లేదు: మోటబావి రాములు, చింతచెట్టు రాములు, మేకల రాములు, ట్రాక్టరు రాములు. ట్రాక్టరు అమ్మేసి పదేళ్లయినా అతను ట్రాక్టరు రాములే. మేనల్లుడు వీళ్లందరినీ రాములు 1, రాములు 2, రాములు 3 అని వరసపెట్టి కూర్చోబెట్టాడు. చింతచెట్టు రాములు బిల్లు చేతికి తీసుకుని చదివి, చాలాసేపు ఆలోచించి, "నేను మూడో రాముణ్ణా సేటూ? ఒకటో రాముడెవడు?" అని అడిగాడు. మోటబావి వాడని తెలిశాక మనిషి వారం రోజులు కొట్టు మెట్టు ఎక్కలేదు.

అన్నిటికన్నా పెద్ద పేచీ గడువు దగ్గర వచ్చింది. సాఫ్ట్‌వేరులో బాకీ రాస్తే ఏ తేదీకి తీరుస్తారో కూడా రాయాలి, లేకపోతే ముందుకి కదలదు. మా గుమాస్తాగారు పుస్తకంలో ఆ చోట యాభై ఏళ్లుగా ఒకటే మాట రాస్తున్నారు: పత్తి తీసినాక. మిర్చి వాళ్లకైతే, కాయలు అమ్మినాక. మేనల్లుడు తేదీ అడిగాడు. ఆయన ఆకాశం వైపు చూశారు. నిజానికి అక్కడే ఉంటుంది ఆ తేదీ. విసుగొచ్చి వాడు అందరికీ కలిపి ముప్పై రోజులని కొట్టేసి, హైదరాబాదు బస్సెక్కాడు.

మృగశిర కార్తెలో అప్పిచ్చిన బస్తాలకి ఆ ముప్పై రోజులూ ఎప్పుడు నిండాయో మేం చూసుకోలేదు. సాఫ్ట్‌వేరు చూసుకుంది. తొలేకాదశి నాడు తెల్లవారుజామున ఐదింటికి ఊళ్లో ఫోన్లన్నీ ఒక్కసారి టింగుమన్నాయి. ఇంగ్లీషులో మెసేజీ. చదవడం రాని వాళ్లు బడికెళ్లే పిల్లల చేత చదివించుకున్నారు. పిల్లలకి 'ఫైనల్ నోటీసు' అన్న ముక్క ఒక్కటే బాగా అర్థమైంది. నేను పళ్లు తోముకుంటుండగానే వాకిట్లో పదిమంది. "ఏం సేటూ, మామీద కేసేసినవా?" ఒక పెద్దావిడ ఫోను నా చేతిలో పెట్టి, "ఆయన పోయి రెండేళ్లాయె. ఈ కబురు ఏడకి పంపమంటవు?" అంది. ఆమెకి ఏం చెప్పాలో ఇప్పటికీ తోచలేదు.

గుమాస్తాగారికీ వెళ్లింది మెసేజీ, రెండు బస్తాల యూరియా బాకీకి. ఆయన ఏమీ అనలేదు. 533 రూపాయలు లెక్కపెట్టి నా బల్ల మీద పెట్టి, ఆ రోజంతా నాతో సైగలతోనే గడిపారు.

రాత్రి మేనల్లుడికి ఫోన్ చేశాను. మా కొట్లో సిగ్నలు డీఏపీ బస్తాల నెట్టు మీదికెక్కితేనే అందుతుంది గనక, అంత ఎత్తు నుంచే తిట్టాను. తిట్టి తిట్టి, టాలీ సంగతి చెప్పాను. బెంగళూరులో శ్యాంసుందర్ గోయెంకా మిల్లులకి విడిభాగాలూ అవీ అమ్మేవాడు. తన లెక్కలకి సరిపోయే సాఫ్ట్‌వేరు దొరక్క, కొడుకు భరత్ చేత రాయించుకున్నాడు. 1986లో అలా పుట్టింది టాలీ. ఆ కుర్రాడు ముందు వాళ్ల నాన్న లెక్కల బాధేమిటో విన్నాడురా, నువ్వు గంటసేపు బస్తా మీద కూర్చుని నా ఆరోగ్యం గురించి చెప్పావు అన్నాను. వాడు నవ్వాడు. మంచివాడే.

ఇప్పుడు బిల్లులు కంప్యూటర్లో, బాకీలు తీగకి. కొత్తగా చేర్చిందల్లా ఒక్కటే. రాత్రి షట్టరు దించే ముందు గుమాస్తాగారు ఖాతా పుస్తకంలో ఆనాటి పేజీని ఫోన్‌తో ఫోటో తీసి, కొత్తగూడెంలో మా లెక్కలు చూసే ఆయనకి వాట్సాప్‌లో పంపుతారు. ఫోటోలో సగం ఆయన బొటనవేలే ఉంటుంది. అయినా నెలకి రెండుసార్లు పుస్తకం చంకన పెట్టుకుని బస్సెక్కే పని నాకు తప్పింది.

మొన్న సెప్టెంబరులో ఆ సాఫ్ట్‌వేరు కంపెనీ నుంచి మెసేజీ వచ్చింది. ఉచితం గడువు ముగిసింది, చందా వెంటనే కట్టగలరు అని. గుమాస్తాగారికి చదివి వినిపించాను. ఆయన కళ్లజోడు సవరించుకుని, చిన్న చీటీ మీద కంపెనీ పేరూ మొత్తమూ రాసుకున్నారు.

"ఎప్పుడిస్తామని రాయమంటారు?"

రోడ్డు అవతల చేలో పత్తి అప్పుడే పూత మీదుంది. నేను నోరు తెరిచేలోపే ఆయన రాసేసి, చీటీని మొదటి తీగకి గుచ్చారు.