ఆకుమందే కదా, ఏం చేస్తుంది!

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెతను సోరియాసిస్ విషయంలో మనవాళ్లు ఎప్పుడో రద్దు చేశారు. మోచేతి మీద తెల్లటి పొలుసులు కనబడితే చాలు, పెళ్లిభోజనంలో పక్క విస్తరి ముందు కూర్చున్నాయన వైద్యుడైపోతాడు. వేపాకు నూరి పట్టించమంటాడు. ఆయన పక్కావిడ కలబంద అంటుంది. వెనక వరసలోంచి ఎవరో పసుపు అందుకుంటారు. రక్తం చెడిందట, మండలం రోజుల్లో మాయమట. పైగా ఆకుమందు కాబట్టి సైడ్ ఎఫెక్టులు ఉండవట. ఈ చివరి మాట మీదే నా తగవంతా.

సోరియాసిస్‌కి మొక్కలు తక్కువేమీ ఇవ్వలేదు. మన బావంచాల్లో సోరలెన్ అనే పదార్థం ఉంది. దాని దగ్గరి చుట్టం మెథాక్సలెన్, నైలు లోయలో పెరిగే ఒక మొక్క గింజల్లోంచి వచ్చింది. 1974లో అమెరికా డాక్టర్లు ఆ మందు మింగించి, రెండు గంటలయ్యాక రోగుల్ని అతినీలలోహిత దీపాల మధ్య నిలబెడితే మచ్చలు కరిగాయి. అయితే మందు మింగిన రోజంతా నల్ల కళ్లద్దాలు తియ్యకూడదు, ఎండలో తిరిగితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది, ఏళ్ల తరబడి సాగితే చర్మ కాన్సర్ ముప్పు. అన్నీ ఆకు చలవే!

గోవా పొడి అని ఇంకోటుండేది. అది తీసే చెట్టు బ్రెజిల్‌ది, పేరు గోవాది, బొంబాయిలో తామరకు రాసేవారు. 1870ల్లో లండన్ డాక్టరు బాల్మనో స్క్వైర్ దాన్ని సోరియాసిస్‌కి రాసి చూశాడు. పనిచేసింది. పనిచేస్తూనే చర్మాన్ని మండించింది, దుప్పట్లన్నిటికీ మరకలు పూసింది. ఆ చెట్టు నరికే కూలీలకు కళ్లు వాచిపోయేవి. 1916లో జర్మనీలో దానికి బదులుగా వచ్చిన డిత్రనాల్ కూడా ఆ మంటనూ మరకనూ వదులుకోలేదు. తైవాన్‌లో నీలిమందు లేపనం పరీక్షల్లో నెగ్గింది. రాసుకున్నవాళ్లు నీలంగా తిరిగారు.

పనిచేసిన ప్రతి ఆకూ ఏదో ఒకటి వసూలు చేసుకుంది. మన పసుపు మాత్రం మర్యాదస్తురాలు, అందులో కర్కుమిన్ నూటికి సుమారు మూడు పాళ్లే, ఆ కాస్తా పేగు దాటి రక్తంలోకి ఎక్కడానికి మొరాయిస్తుంది. ల్యాబులో గాజు పళ్లెంలోని కణాల మీద ఘనకార్యాలు చేసిన ఆ పదార్థం, పప్పులో చిటికెడు దాకా వచ్చేసరికి రంగుగా మిగులుతుంది. పరిశోధకులు ఇంకా చూడాలని రాసుకున్నది కరపత్రంలో గ్యారంటీ అయిపోతుంది.

చర్మం పాత కణాల్ని రాల్చి కొత్తవి తెచ్చుకోవడానికి అసలు నెల పట్టాలి, ఆ పని రోగనిరోధక వ్యవస్థ తొందర వల్ల మూడు నాలుగు రోజుల్లో తెమిలిపోవడమే ఈ జబ్బు. చాలామందికి ఎండల్లో దానంతటదే తగ్గుతుంది, చలికి మళ్లీ లేస్తుంది. అందుకని ఫాల్గుణంలో మొదలుపెట్టిన ఏ మందైనా వైశాఖానికి దివ్యౌషధమే!

కొన్ని మూలికా క్రీము డబ్బాలు వారంలోనే పనిచేస్తాయి, కాదనను. ఆకుపచ్చ మూత, తులసి కొమ్మ బొమ్మ, నూరు శాతం హెర్బల్ అని బంగారు అక్షరాలు. లోపల ఏం కలిపారో మాత్రం డబ్బాని తలకిందులు చేసినా కనబడదు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఎగ్జిమా ఉన్న పిల్లలకు రాస్తున్న 24 మూలికా క్రీముల్ని పరీక్షిస్తే 20 క్రీముల్లో స్టెరాయిడ్లు దొరికాయని 2003లో ప్రచురించారు. ఏ కొండకోనలో స్టెరాయిడ్ చెట్లు మొలుస్తాయో ఆ మూలికా పండితులే చెప్పాలి. బలమైన స్టెరాయిడ్ అని తెలియక సోరియాసిస్ మీద నెలలు పూసి ఒక్కసారిగా మానేస్తే పొలుసులు మరింత విజృంభించవచ్చు, ఒక్కోసారి ఒళ్లంతా ఎర్రబారి చీముపొక్కులతో ఆస్పత్రి మంచం ఎక్కాల్సి వస్తుంది. దానికీ జవాబు సిద్ధం: "లోపలి విషమంతా బయటికొస్తోంది, ఇంకో రెండు డబ్బాలు వాడండి."

ఆకుల మీద నాకు పగ లేదు. మన ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు చెట్టుందే, దాని ఆకుల్ని కొబ్బరినూనెలో వేసి ఎండలో ఉంచి తీసిన తైలాన్ని సిద్ధ వైద్యులు సోరియాసిస్‌కి వాడుతున్నారు. దాన్ని గట్టిగా పరీక్షించాలి, మంచితోపాటు చెడునూ లెక్కగట్టాలి. మందుగా నిలబడే ఆకుకి ఆ పరీక్ష అవమానమేమీ కాదు.

ఈలోగా పదార్థాల పట్టీ, లైసెన్సు నంబరు లేని డబ్బా కొనకండి. ఇప్పటికే రాస్తున్నారా? మీ అంతట మీరు ఉన్నపళంగా మానేయకండి. ఆ డబ్బానే పట్టుకుని వెంటనే చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్లండి.