ఆచార్యులవారు ఇంకా డాక్టరు కాలేదు

గుజరాత్‌లో బడి ప్రిన్సిపాల్‌ని ఆచార్య అంటారు. మన దగ్గర ఆ మాట దక్కాలంటే ముందు పీహెచ్‌డీ చేయాలి, తర్వాత యూనివర్సిటీలో చేరాలి, ఆపైన జుట్టు నెరిసేదాకా ఆగాలి. సూరత్ అమ్రోలీలోని మా ప్రైవేటు బడి ప్రిన్సిపాల్‌కి మాత్రం కుర్చీలో కూర్చున్న రోజే ఆ మాట తలుపు మీదికి వచ్చేసింది. ముందు ఆచార్యుడైపోయి, తీరిగ్గా డాక్టరు కావడానికి బయల్దేరిన మనిషి ఆయన.

ఈ జాతి ఒక్క అమ్రోలీలోనే లేదు. కరీంనగర్‌లో ఉంది, కాకినాడలో ఉంది. నలభై ఐదు దాటి, బీపీ మాత్ర మొదలై, పెద్దమ్మాయి కాలేజీలో చేరిన ఏడాది వీళ్లకు ఉన్నట్టుండి ఒక లోటు కనబడుతుంది. పేరుకు ముందు ఖాళీ. మా సారు నేమ్‌ప్లేటు రాయించినప్పుడే పెయింటర్‌తో చెప్పి ఒక అక్షరం, ఒక చుక్క పట్టేంత జాగా వదిలించాడు. ప్యూను రోజూ పేరుకంటే ఆ జాగానే ఎక్కువసేపు తుడుస్తాడు. అక్కడైతే గుడ్డ ఎక్కడా తట్టుకోదు.

సారు వాళ్ల నాన్న సిరిసిల్ల నుంచి మగ్గం పని వెతుక్కుంటూ సూరత్ వచ్చినవాడు. తాపీకి ఉత్తరపు ఒడ్డున ఉన్న అమ్రోలీలో పవర్‌లూమ్ షెడ్ల చప్పుడు వింటూ సారు పెరిగాడు. ఇప్పుడు మా బడికి వచ్చే పిల్లల్లో సగం మంది ఒడిశా నుంచి వచ్చిన మగ్గం కార్మికుల పిల్లలు, మిగిలినవాళ్లు మనవాళ్లు, యూపీవాళ్లు. చదువు హిందీలో, కొట్లాట నాలుగు భాషల్లో.

సారు ఎంచుకున్న శాస్త్రం పేరు కరికులం అండ్ ఇన్‌స్ట్రక్షన్. పిల్లలకు ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నది దాని సారం. అందులోనూ ఆయనది పెద్దసార్లకు సంబంధించిన శాఖ: టీచర్లు బాగా చెప్పేలా హెడ్డు ఎలా నడిపించాలి అన్నది. దీన్ని కొలవడానికి ఫిలిప్ హాలింగర్ అనే అమెరికా పండితుడు 1980లలోనే 50 ప్రశ్నల కొలమానం తయారుచేసి పెట్టాడు. హెడ్డు క్లాసులకు వచ్చి చూస్తున్నాడా, పాఠం గురించి టీచరుతో మాట్లాడుతున్నాడా, ఇలాంటివి అందులో ఉంటాయి. ఆ 50 ప్రశ్నలనూ హిందీలోకి దింపడానికి సారు ఎనిమిది నెలలు గదిలో తలుపేసుకుని కూర్చున్నాడు. ఆ ఎనిమిది నెలల్లో ఒక్క క్లాసుకూ రాలేదు.

పార్ట్‌టైమ్‌గా చదవాలంటే పనిచేసే చోటి నుంచి అభ్యంతరం లేదన్న కాగితం తేవాలి. మా బడిలో అలాంటి కాగితం ఇచ్చేది ప్రిన్సిపాలే. సారు తనకు తానే అర్జీ రాసుకుని, రెండు రోజులు పెండింగ్‌లో పెట్టి, మూడో రోజు సంతకం చేశాడు. పద్ధతి పద్ధతే కదా.

ఇక పరిశోధన శీర్షిక. మొదట అది భారతదేశంలోని పాఠశాల నాయకత్వం మీద. గైడు చూసి, "పరిధి తగ్గించండి" అన్నాడు. గుజరాత్ అయింది. మళ్లీ తగ్గించమంటే సూరత్ జిల్లా అయింది. తర్వాత సూరత్ నగరం, ఆ తర్వాత తాపీకి ఉత్తరాన ఉన్న భాగం, చివరికి అమ్రోలీ. శీర్షికలో ఊరు చిన్నదైన కొద్దీ వాక్యం పొడవైంది. ఇంకో ఏడాది గడిస్తే మా నాలుగో తరగతి సీ సెక్షన్ దగ్గర ఆగుతుందేమోనని ఆ క్లాస్ టీచర్‌గా నాకు భయం పట్టుకుంది.

గైడుగారి ఇల్లు నదికి అవతల. సారు నెలకోసారి అమ్రోలీ వంతెన దాటి కతార్‌గామ్ మీదుగా బైకు మీద వెళతాడు. చాందనీ పడ్వో పండక్కి ఘారీ మిఠాయి డబ్బా, దీపావళికి డ్రైఫ్రూట్స్ డబ్బా, మామూలు నెలల్లో ఒట్టి అధ్యాయం. డబ్బాలు వెంటనే ఖాళీ అవుతాయి. అధ్యాయం కట్టిన తాడు కూడా విప్పకుండా అలాగే తిరిగొస్తుంది. గైడుగారు అనేది ఒకే మాట: "జోఈయే." అంటే చూద్దాం అని. చూశానని ఇంతవరకు అనలేదు.

ప్రశ్నావళి పంచిన రోజు నేనూ ఉన్నాను. స్టాఫ్ రూములో పద్దెనిమిది మందిమి కూర్చున్నాం. ఒక్కో వాక్యం పక్కన ఐదు గళ్లు. పూర్తిగా ఒప్పుకుంటాను దగ్గర మొదలై అసలు ఒప్పుకోను దాకా. పైన పెద్ద అక్షరాలతో, పేరు రాయనక్కర్లేదు, నిర్భయంగా జవాబివ్వండి అని రాసి ఉంది. సారు మా వెనకే నిలబడి ఒక్కొక్కరి భుజం మీదుగా వంగి చూస్తూ, "నిర్భయంగా, నిర్భయంగా" అన్నాడు. ఇంక్రిమెంట్లు వేసే నెల అది. పద్దెనిమిది మందిమీ నిర్భయంగా పూర్తిగా ఒప్పుకున్నాం.

ఆ రాత్రి సారు ఫోన్ చేశాడు. గొంతులో ఏడుపొక్కటే తక్కువ. "ఏం చేసిండ్రయ్యా మీరు? అందరూ ఒక్క గడిలనే టిక్కు పెడితే ఎట్ల?"

"మంచిదే కదా సార్, వందకి వంద."

"ఏం మంచిది! తేడా అనేదే లేకపోతే సహసంబంధం ఎట్ల తీస్తరు? సున్నాతోని భాగిస్తరా? కంప్యూటరు లెక్కనే చెయ్యనంటున్నది. రేపు మళ్ల నింపాలె. ఈసారి కొంచెం కొంచెం విభేదించుండ్రి."

మర్నాడు ఎవరెంత విభేదించాలో స్టాఫ్ రూములోనే పంచుకున్నాం. సీనియర్లకు కొంచెం తక్కువ, కొత్తగా చేరినవాళ్లకు కొంచెం ఎక్కువ.

మొత్తం థీసిస్‌లో సారు పూర్తి చేసింది ఒకే భాగం, కృతజ్ఞతలు. రాత్రిళ్లు శోధ్‌గంగ తెరుస్తాడు. దేశంలోని థీసిస్‌లన్నీ ఒకచోట పెట్టే ఆ భాండాగారాన్ని నడిపేది మా గాంధీనగర్‌లోని సంస్థే. అందులో సారు చదివేది కృతజ్ఞతల పేజీలు. బాగున్న వాక్యం కనబడితే ఎత్తిపెట్టుకుంటాడు. యూజీసీ 2018లో తెచ్చిన నిబంధన ప్రకారం పోలిక 10 శాతం దాటితే గొడవే. కానీ ఆ లెక్కలోంచి కృతజ్ఞతలను మినహాయించారు. చట్టం ఇచ్చిన ఆ ఒక్క వెసులుబాటునూ సారు నాలుగు పేజీల మేర వాడుకున్నాడు. మార్కండేయ స్వామి, తల్లిదండ్రులు, గైడు, గైడు శ్రీమతి, తాపీ నది వరుసగా ఉన్నారు. సారు భార్య, మేమంతా అక్క అని పిలిచే ఆమె పేరు నాలుగో పేజీ చివర, జిరాక్స్ షాపు తర్వాత వచ్చింది.

ఆ పేజీ అక్క కంటబడిన ఆదివారం నేను వాళ్లింట్లో చాయ్ తాగుతున్నాను. కాగితం బల్ల మీద పెట్టి అక్క నిదానంగా అడిగింది. "ఒక్క మాట చెప్పు. ఇదంతా దేనికోసం చేస్తున్నవ్? దానికోసం రోజూ ఏం చేస్తున్నవ్? ఏది ముందు, ఏది ఎనక అని ఒక వరుసన్న ఉన్నదా? అయిపోయిందని మాకు ఎట్ల తెలుస్తది?"

సారు చేతిలో కప్పు ఆగిపోయింది. రాల్ఫ్ టైలర్ అనే అమెరికా విద్యావేత్త 1949లో కరికులం మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. ఆ శాస్త్రమంతా దాని నాలుగు ప్రశ్నల మీదే లేచింది: లక్ష్యాలేమిటి, వాటికి ఏ అనుభవాలు కావాలి, వాటిని ఏ వరుసలో పేర్చాలి, నెరవేరాయని ఎలా తేల్చుకోవాలి. సారు రెండో అధ్యాయంలో పధ్నాలుగు పేజీలు రాసింది వీటి గురించే.

"నువ్వు టైలర్ని చదివినవా?" అన్నాడు అనుమానంగా.

"ఏ టైలరు? జాకెట్ ఇచ్చి నెలయింది. వాడూ నీ లెక్కనే, రేపు రేపంటడు" అంది అక్క.

మొన్న బుధవారం ఐదో తరగతి టీచరు రాలేదు. పంపడానికి ఎవరూ దొరక్క సారే వెళ్లాడు. నేను పక్క గదిలో ఉన్నాను. "మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా?" అని అడిగాడు. మూడుకంటే నాలుగు పెద్దది గనక క్లాసంతా నాలుగో వంతేనని అరిచింది. సారు కోప్పడలేదు. "మీ నాన్న షిఫ్టు ఎన్ని గంటలు?" అన్నాడు.

"పన్నెండు!" ఆ జవాబు కోసం ఎవరూ పుస్తకం తెరవలేదు.

"అందులో నాలుగో వంతు పనిచేసి ఇంటికొచ్చేస్తే ఎన్ని గంటలు చేసినట్టు?"

వేళ్లు లెక్కపెట్టారు. మూడు. "మరి మూడో వంతు చేస్తే?" నాలుగు. గది ఒక్క క్షణం సద్దుమణిగింది. వెనక బెంచీలో ఒడియా పిల్లాడు లేచి హిందీలో అన్నాడు: "సాహెబ్, అయితే కింద అంకె పెరిగితే పని తగ్గుతుంది!" పక్కనున్న మన పిల్ల అది చాలక, "పదహారో వంతు చేస్తే చాయ్ తాగేలోపే ఇంటికి పోవచ్చు" అంది. ఇంటర్వెల్ గంట కొట్టినా ఎవరూ లేవలేదు. రెండు పీరియడ్లు అలాగే సాగాయి. మా నాలుగో తరగతివాళ్లు కిటికీలకు వేలాడితే నేనూ ఆపలేదు.

సారు చొక్కా నిండా సుద్దపొడితో బయటికొచ్చి, నల్లా దగ్గర చేతులు కడుక్కుంటూ నన్ను చూసి నిట్టూర్చాడు.

"ఇయ్యాల పొద్దంత ఖరాబైంది. కరికులం అధ్యాయం ఒక్క లైను రాయలె."