తాతల భూమి అమ్ముకోవడం ఎలా? తుర్కయంజాల్ చాయ్ బండి చిట్కాలు

సాగర్ రోడ్డు మీద బి.ఎన్. రెడ్డి నగర్ దాటి ఇబ్రహీంపట్నం వైపు వెళ్తుంటే ఇంజాపూర్, తుర్కయంజాల్, రాగన్నగూడ వరసగా తగులుతాయి. ఆ వరసలో మీ ఉమ్మడి కుటుంబానికి నాలుగెకరాల చెలక, ఒక బావి, ఒక బర్రెల కొట్టం ఉన్నాయనుకుందాం. తాత పోయాడు, నాయన పోయాడు. తెల్లారక ముందే లేచి పాలు పిండే ఓపిక ఎవరికీ లేదు. అమ్మేద్దామనుకున్నారు. ఎలా అమ్మాలో చెప్పడానికి చాయ్ బండి దగ్గర నలుగురు ఎప్పుడూ సిద్ధం. వాళ్లు ముక్కలు ముక్కలుగా చెప్పేదాన్ని ఇక్కడ ఒక వరసలో పెట్టాం. అక్షరం పొల్లుపోకుండా పాటించండి.

1. ముందు పేరు మార్చండి

"బర్రెల కొట్టం అమ్మబడును" అని బోర్డు పెడితే పాలవాడు తప్ప ఎవరూ ఆగరు. "కుటుంబ రాంచ్, పశుసంపద, షికారు సౌకర్యంతో" అని రాయించండి. అమెరికాలో ఇలాంటివి బాగానే అమ్ముడుపోతాయి. టెక్సాస్‌లో వాగనర్ రాంచ్ అని ఐదు లక్షల ఎకరాలు దాటిన కుటుంబ ఆస్తి ఉండేది. అమ్మేద్దామని వాటాదారుల్లో ఒకరు 1991లో కోర్టుకెక్కారు. అమ్మకం 2016లో తెగింది. ఐదు లక్షల ఎకరాలకు పాతికేళ్లయితే నాలుగెకరాలకు ఎన్నాళ్లు? త్రైరాశికం వేస్తే రెండు గంటలు కూడా తేలదు. రంగారెడ్డి జిల్లాలో మాత్రం ఆ లెక్క పనిచేయదు. నాలుగెకరాలకూ పాతికేళ్లే.

2. షికారు గురించి గట్టిగా చెప్పండి

చరిత్ర మీ వైపే ఉంది. వనస్థలిపురం పక్కనున్న హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేటమైదానమే. దాదాపు 3,600 ఎకరాల ఆ అడవికి 1975లో, మహావీరుడి 2,500వ నిర్వాణ వార్షికోత్సవం సందర్భంగా ఆయన పేరే పెట్టారు. వేటాడిన చోటికి అహింస చెప్పినవాడి పేరొచ్చింది. ఈ సంగతి కొనేవాడికి చెప్పనక్కర్లేదు. మీ గట్టు మీద ఒక నెమలి కనిపించినా ఫొటో తీసి "షికారుకు అనుకూలం" అని వాట్సాప్‌లో పెట్టండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నుంచీ ఉంది. నెమలి, కృష్ణజింక రెండూ మొదటి షెడ్యూల్‌లోనే ఉన్నాయి. వాటిని వేటాడితే మూడేళ్లకు తగ్గని జైలు. ఆ ఫొటో మీద మీ ఫోన్ నంబర్ కూడా వేస్తే ఫారెస్టు వాళ్లకు పని తేలిక.

3. బర్రెలు మేసినంత మేరా మీదే

పాస్‌బుక్‌లో నాలుగెకరాలే ఉంటే మీడియేటర్‌కు నచ్చదు. మీ బర్రెలు తాతల కాలం నుంచీ పక్కనున్న గైరాన్ భూమిలో మేస్తున్నాయి కదా, అదీ కలపండి. పాలోళ్ల చెలకలూ కలపండి. గైరాన్ సర్కారు భూమి. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద నిషేధిత జాబితాలోకి ఎక్కేది ఇలాంటి భూములే. అయినా ఆ జాబితాను సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పోయాకే చూడాలి, లేకపోతే ఆసక్తి పోతుంది. ఇంకా పెద్ద మాట కావాలంటే "మాది వందెకరాల ఎస్టేట్" అనండి. 1973 నాటి భూసంస్కరణల చట్టం ఐదుగురున్న కుటుంబానికి ఎంత నాసి మెట్టభూమి అయినా 54 ఎకరాలకు మించనీయదు. మిగతా 46 ఎకరాల సంగతి తహసీల్దార్ ఆరా తీస్తే, తాత గొప్పలు చెప్పేవాడని చెప్పి తప్పించుకోండి.

4. అక్కచెల్లెళ్లకు చెప్పకండి

చిట్కాలన్నిట్లో ఇదే బంగారం లాంటిది. దసరాకు అక్క పుట్టింటికి వస్తుంది. బతుకమ్మ ఆడి అలసి కూర్చున్న వేళ కాగితం ముందు పెట్టండి.

"తమ్మీ, ఏం కాగితంరా ఇది?"

"ఏం లేదక్కా, పాస్‌బుక్కుల పేరు తప్పు పడ్డది. సరి చేయిద్దామని."

సంతకం అయ్యాక ఒక మంచి పట్టుచీర పెట్టండి. చీరతో హక్కు తీరిపోయిందని నలుగురిలో అనండి. 1985 సెప్టెంబర్ 5 నాటికి పెళ్లి కాని ఆడబిడ్డకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన హక్కు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎప్పుడో ఇచ్చింది. 2005లో కేంద్ర చట్టం పెళ్లయిన వాళ్లకూ ఇచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండకపోయినా ఆ హక్కు ఉంటుందని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చేసింది. వాటా వదులుకోవాలంటే ఆ రాత రిజిస్టర్ కావాలి. చీర మడతల్లో వచ్చిన సంతకం దానికి సరిపోదు. ఇవన్నీ మీకు తెలియకపోయినా అక్క కూతురికి తెలిసి ఉంటాయి. ఆ పిల్ల దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ తీసుకుంటోంది, చట్టం పేపర్ అయ్యాకే ఇంటికి ఫోన్ చేస్తుంది. ఆ తర్వాత వచ్చేది పార్టిషన్ సూట్. సూట్ నడుస్తుండగా కొన్నవాడికి కూడా ఆ తీర్పు వర్తిస్తుంది కాబట్టి, మీరొక్కరే తిరగాల్సిన కోర్టుకు తోడు దొరుకుతుంది.

5. పాత కాగితం తీయకండి

భూరికార్డులకు 2020లో ధరణి పోర్టల్ వచ్చింది, 2025లో భూభారతి వచ్చింది. కంప్యూటర్‌లో మీ పేరు కనబడితే చాలు. 1954-55 ఖాస్రా పహాణీ చూపించమని కొనేవాడు అడిగితే అతను అనుమానపు మనిషి, వదిలేయండి. నిజానికి హైదరాబాద్ రాష్ట్రం 1950లో చేసిన కౌలు చట్టం కింద రక్షిత కౌలుదార్లకు 38-ఇ సర్టిఫికెట్లు వచ్చాయి. తాత దగ్గర దున్నుకున్నవాడి పేరు అందులో ఉంటే భూమి వాళ్ల పిల్లలది. ఆ పిల్లల్లో ఎవరైనా ఆ చాయ్ బండి దగ్గరే కూర్చుని ఉంటే, అతని చాయ్ డబ్బులు మీరే కట్టండి.

6. చెరువు పక్కనైతే రేటు పెంచండి

మాసబ్ చెరువు నీళ్లు వానాకాలంలో మీ గట్టు దాకా వస్తాయా? అది లోపం కాదు, "లేక్ వ్యూ". పాతికెకరాలకు పైబడిన చెరువుకు నీటిహద్దు నుంచి 30 మీటర్లు బఫర్ అని నిబంధన ఉంది. చెరువుల ఆక్రమణలు కూల్చడానికి 2024 జులైలో పుట్టిన హైడ్రా దగ్గర జేసీబీలు ఉన్నాయి. కొనేవాడికి వేసవిలోనే భూమి చూపించండి.

7. బర్రెల్ని ఆఖరుకు వదిలేయండి

కొన్నవాడు కంచె వేసే రోజు దాకా కొట్టంలోనే ఉంచండి. ఈనిన కొత్తలో, దూడతో ఉన్న ముర్రా బర్రెకు సంతలో మంచి ధర. వట్టిపోయాక అడిగేవాడు ఉండడు. బర్రె చూడి మోసేది పది నెలలకు పైనే, కాబట్టి ముందే చూసుకోవాల్సింది. మీరు వట్టిపోయాకే అమ్మండి. పోయేది జీతగాడి ఉద్యోగం, మీ రాబడి మాత్రమే.

8. బయానా సంచిలోనే తీసుకోండి

బ్యాంకులో వేస్తే అందరికీ తెలుస్తుంది. స్థిరాస్తి బయానాగా 20 వేలు, ఆపైన నగదు పుచ్చుకున్నవాడికి అంత సొమ్మూ జరిమానాగా పడుతుంది. అయినా సంచి బరువులో ఉన్న తృప్తి వేరు. సేల్ డీడ్ దాకా ఆగకండి, జనరల్ పవరాఫ్ అటార్నీ (జీపీఏ) మీద రాసివ్వండి. దానితో హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. కాబట్టి అదే భూమిని ఇంకొకరికీ చూపించొచ్చని చాయ్ బండి మేధావులు నవ్వుతూ అంటారు. ఇంకా తొందరుంటే ఐదేసి గుంటల ఫార్మ్ ప్లాట్లుగా కోసి అమ్మండి. 20 గుంటలకు తక్కువైతే లేఅవుట్ అనుమతి కావాలని అడిగేది అధికారులు, కొనేవాళ్లు కాదు కదా.

9. పల్లె భూమికి పన్నేమిటి?

సాగుభూమి అమ్మితే ఆదాయపు పన్ను లేదని అందరూ అంటారు. ఆ మాట పల్లెకు చెల్లుతుంది. తుర్కయంజాల్ మున్సిపాలిటీ అయింది, 2025 చివర్లో జీహెచ్ఎంసీలో కలిసింది కూడా. పట్టణ హద్దులోని చెలక మూలధన ఆస్తి కిందికి వస్తుంది. రెండేళ్లలోపు వేరే సాగుభూమి కొంటే మినహాయింపు దొరుకుతుంది. దాని కోసం ఆడిటర్‌ను ముందే కలవాలి. మీరు నోటీసు వచ్చాక కలవండి.

ఇవన్నీ పాటించాక మీరు చేరే చోటు దూరమేమీ కాదు. రంగారెడ్డి జిల్లా కోర్టులు ఎల్బీనగర్‌లోనే ఉన్నాయి. అక్కడికి వెళ్లే ఓపిక లేనివాళ్లు ఈ చిట్కాలన్నీ తిరగేయండి. మొదట అక్కచెల్లెళ్లను, పాలోళ్లను కూర్చోబెట్టి మాట్లాడండి. ఖాస్రా పహాణీ, ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ), నిషేధిత జాబితా చూడండి. సర్వేయర్‌తో గట్లు కొలిపించండి. మీడియేటర్‌ను అన్నిటికన్నా చివర పిలవండి. భూమి అమ్మేటప్పుడు ఎవరికి చెప్పకూడదనిపిస్తుందో, ముందు చెప్పాల్సింది వాళ్లకే.