పెట్రోలు పెట్రోలుగా ఉన్న రోజులు

మా చేతక్ స్కూటరు 1984లో ఇంటికొచ్చింది. డబ్బు కట్టి ఏళ్ల తరబడి కాచుకుంటే వచ్చిన బండి. అప్పటికి నేను భిలాయి స్టీల్ ప్లాంటు రైల్ మిల్లులో చేరి ఆరేళ్లు. పొద్దుటి షిఫ్టుంటే తెల్లారకముందే క్వార్టరు ముందు నిలబడి, ట్యాపు తిప్పి, బండిని ఒక పక్కకి వంచి, చోక్ లాగి ఒక్క కిక్ కొట్టేవాణ్ణి. రెండో కిక్‌కి పలకని రోజు నాకు గుర్తులేదు. బోరియా గేటు దగ్గర సైకిళ్ల సముద్రంలో పడి వెళ్లేవాళ్లం. వాటి మధ్య స్కూటరున్నవాడు కాస్త దర్జాగానే కనిపించేవాడు.

మా రోజుల్లో బంకుకెళ్తే రెండే మాటలు: ఎన్ని లీటర్లు, ఎంత ఆయిల్. టూ స్ట్రోక్ బండి కాబట్టి లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్. కుర్రాడు చిన్న కొలగిన్నెతో పోసేవాడు, మేం బండిని అటూ ఇటూ ఊపి కలిపేవాళ్లం. అందులో ఏం కలిసిందో నాకు తెలుసు, ఎందుకు కలిపానో తెలుసు. ఆ ఆయిలే లోపలి బేరింగులకి తిండి. నేను చెప్పింది, నేను కొన్నది, నా కళ్ల ముందు కలిసింది.

అప్పట్లో అంతా బంగారమేనని అనను. కిరోసిన్ కలిపే దొంగలు అప్పుడూ ఉన్నారు. కానీ మన చేతిలో ఫిల్టరు కాగితముండేది. నోజిలు మూతి తుడిచి ఒక్క చుక్క కాగితం మీద వేస్తే, మంచి పెట్రోలైతే రెండు నిమిషాల్లో మరక లేకుండా ఆరిపోయేది. మరక మిగిలితే అక్కడే నిలదీసేవాళ్లం. ఆ కాగితం అడిగే హక్కు ఇప్పటికీ ఉంది. కాకపోతే ఇప్పుడు కలుస్తున్నది ఆ కాగితానికి చిక్కే సరుకు కాదు. ఇథనాల్ కూడా చక్కగా ఆరిపోతుంది.

ఇథనాల్ కలపడం 2003లో కొన్ని రాష్ట్రాల్లో 5 శాతంతో మొదలుపెట్టారు. మాకు తెలిసినంతలో బండికేమీ కాలేదు, మేమూ పట్టించుకోలేదు. 2022 జూన్ నాటికి దేశమంతటా 10 శాతమన్నారు. 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో 20 శాతం పెట్రోలు విడుదల చేశారు. 2030కి అనుకున్న గడువును ముందుకు జరిపి, 2025 వచ్చేసరికి ఎక్కడ చూసినా అదే నింపారు. నోజిలు అదే, రంగు అదే, బిల్లు మీద పెట్రోలు అన్న మాటా అదే. లోపలి సరుకులో ఐదోవంతు మారింది. నన్ను అడిగినవాడు లేడు.

కిందటి వానాకాలం మా ఆవిడా నేనూ పలాస దగ్గర మా ఊరెళ్లి రెండు నెలలున్నాం. తిరిగొచ్చి కిక్ కొడితే బండి పలకలేదు. ఇరవై కిక్కులు కొట్టాను. ప్లగ్ తీసి తుడిచాను, మళ్లీ బిగించాను. అరవై దాటిన మోకాలు ఇంక ఒప్పుకోలేదు. ఖుర్సీపార్‌లో మనవాళ్ల కుర్రాడొకడు మెకానిక్కు, టెక్కలి వైపు వాళ్లు. వచ్చి కార్బురేటరు విప్పి గిన్నె నా చేతిలో పెట్టాడు. అడుగున సున్నంలాంటి తెల్లటి పొడి. ఇత్తడి జెట్టు చుట్టూ పచ్చటి చిలుము. పెట్రోలు గొట్టం ఉబ్బి, వేలితో నొక్కితే లేత ముంజలా మెత్తగా ఉంది. "బాబాయ్, ఈ ఏడాది నేను విప్పిన పాత బళ్లన్నీ ఇంతే," అన్నాడు. ట్యాంకులోది గాజుసీసాలోకి వంపితే కాసేపటికి రెండు పొరలు తేలాయి. పైన పల్చగా పెట్రోలు, కింద మసకగా ఇంకేదో.

ట్యాంకు మూత కింది రబ్బరు గట్టిపడి వాన నీరు దిగింది. అది నా అశ్రద్ధే, ఒప్పుకుంటాను. కానీ మా రోజుల్లోనూ ట్యాంకుల్లో నీళ్లు దిగేవి. నీళ్లు నీళ్లుగా అడుగున చుక్కలు కట్టేవి. కింద నాలుగు చుక్కలు వదిలేస్తే పైనున్నది ఇంకా పెట్రోలే. ఇప్పుడలా కాదు. ఇథనాల్‌కి నీళ్లంటే ప్రాణం. ముందు నీటిని తనలో కలుపుకుంటుంది, అది మితి మీరగానే నీటితో కలిసి విడిపోయి అడుక్కి దిగుతుంది. పైన మిగిలిన పెట్రోలుకి ఆక్టేన్ తగ్గుతుంది. అడుగునున్న ఆ మందు ఇనుమునీ జింకునీ పట్టి తింటుంది. ట్యాపు నోరు అడుగునే కదా, ఇంజనుకి ముందు అందేది అదే. రోజూ తిరిగే బండికి ఈ బాధ తక్కువ. నెలల తరబడి కదలని బండికే ఉరి.

ఆ సాయంత్రం మా మనవడు కొలత గీతలున్న గాజుగొట్టం తెచ్చాడు. 10 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, దాని మీద బంకు నుంచి కొత్తగా తెచ్చిన పెట్రోలు 90 మిల్లీలీటర్లు పోశాం. బిరడా పెట్టి బాగా కుదిపి కిటికీలో నిలబెట్టాం. పావుగంటకి కింది పొర 28 గీత దగ్గర ఆగింది. పోసిన నీళ్లు 10. ఆ మిగతా 18 నేను పెట్రోలు ధర పెట్టి కొన్నది. వాడికది సైన్సు ఆట. నేను మాత్రం ఆ గీత వంక చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

మర్నాడు సుపేలా, పవర్ హౌస్, నందినీ రోడ్డు, దుర్గ్ దాకా తిరిగి ప్రతి బంకులో ఒకటే అడిగాను: ఇథనాల్ లేనిది ఉందా? "అంకుల్, సబ్ మే మిలా హువా హై," అన్నారు. అన్నిట్లోనూ కలిసే ఉందట. ఎక్కువ ధర పెట్టి అమ్మే ప్రీమియం పెట్రోలులోనూ అదే కలిసుంది. ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరులో తెచ్చిన ఎక్స్‌పీ 100లో ఇథనాల్ ఉండదంటారు. అది పెద్ద నగరాల ఖరీదైన కార్ల కోసం తెచ్చిన సరుకు. మొదలుపెట్టినప్పుడే లీటరు 160 రూపాయలు. నేను తిరిగిన చోట ఎక్కడా లేదు.

ఇక్కడే నాకు కడుపు మండుతుంది. మా రోజుల్లో పెట్రోలులో సీసముండేది. అది పిల్లల మెదడుకి చేటని తేలాక తీసేయాలనుకున్నారు, మంచి పనే. ఎలా తీశారు? 1995లో నాలుగు మహానగరాల్లో కొత్త కార్ల కోసం సీసం లేనిది విడిగా పెట్టారు, పాతవాటికి పాతది అమ్ముతూనే ఉన్నారు. 2000 ఫిబ్రవరిలో గానీ దేశమంతా ఒకటి కాలేదు. అన్నేళ్లు రెండు పంపులు పక్కపక్కన నడిపిన దేశం ఇప్పుడు ఎందుకు నడపలేదు? 2021లో నీతి ఆయోగ్ తన నివేదికలోనే పాత బళ్ల కోసం 10 శాతం పెట్రోలు అందుబాటులో ఉంచాలంది. 20 శాతంతో వాటి మైలేజీ కార్లలో 6, 7 శాతం, ద్విచక్ర వాహనాల్లో 3, 4 శాతం పడిపోతుందనీ అందులోనే ఉంది. 20 శాతాన్ని తట్టుకునే భాగాలతో తయారైన బళ్లు 2023 ఏప్రిల్ నుంచే వస్తున్నాయి. అంతకు ముందువి ఏమైపోవాలి? ఇథనాల్ లేని పెట్రోలు కూడా అమ్మాలని వేసిన పిటిషన్ను 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇంగ్లండులో 2021లో 10 శాతం వచ్చినప్పుడు పాత బళ్ల కోసం 5 శాతంది సూపర్ గ్రేడు పంపులో ఉంచారు. బ్రెజిల్ పేరు ఎత్తుతారు అందరూ. అక్కడ 1975లోనే ఇథనాల్ పథకం మొదలుపెట్టి, దానికి తగ్గ బళ్లు చేసుకుంటూ వచ్చారు.

చెరుకు, ధాన్యం నుంచి తీసే ఇథనాల్ వల్ల రైతుకి లాభమంటే నేను కాదనను. మా ఛత్తీస్‌గఢ్‌ని ధాన్ కా కటోరా, అంటే వరి గిన్నె, అంటారు. కవర్ధా దగ్గర చక్కెర మిల్లు పక్కనే ఇథనాల్ ప్లాంటు వచ్చింది. చెరుకు బిల్లు చేతికందితే సంతోషించేవాళ్లలో నేనొకణ్ణి, మా తాత కూడా చెరుకు పండించినవాడే. నూనె కోసం బయటికి పోయే డాలర్లు తగ్గితే దేశానికీ మంచిదే. దానికీ మా బండిని చంపుకోవడానికీ ముడి ఎందుకు వేస్తారు? ఊరికొక బంకులో ఒక్క నోజిలు వేరే పెట్టండి. ధర ఎక్కువైనా పర్లేదు, మీద రాసిపెట్టండి, నేను కొంటాను.

స్కూటరుది నా ముచ్చట అనుకున్నా, మా తమ్ముడి మాటేమిటి? వాడికి మా ఊళ్లో జీడితోట ఉంది. పూత వేళ రెండు మూడు నెలలు మందు కొట్టడానికి పెట్రోలు స్ప్రేయరు, టూ స్ట్రోకే. మిగతా ఏడాదంతా కొట్టంలో ఓ మూల పడుంటుంది. ఈసారి పూతకి తీస్తే గొట్టం చీలిపోయింది, కార్బురేటరు పట్టేసింది. బాగుచేయించేసరికి వారం పోయింది. పూతమీద పురుగు ఆ వారం ఆగుతుందా? "అన్నయ్యా, మీ భిలాయిలో అయినా పాత పెట్రోలు దొరుకుతుందా?" అని ఫోను చేశాడు. దొరికినా రైల్లో పట్టుకెళ్లే వస్తువా అది?

వాడికి చెప్పింది నేనూ చేస్తున్నాను. గొట్టం ఇథనాల్ని తట్టుకునే వైటాన్ రకానికి మార్పించాను, మూతకి కొత్త రబ్బరు వేశాను. ఊరెళ్లే ముందు రోజు ట్యాంకు ఖాళీ చేస్తాను. తర్వాత ట్యాపు కట్టేసి ఇంజను స్టార్టు చేసి పక్కన నిలబడతాను. గిన్నెలో మిగిలింది అయిపోయేదాకా నిమిషమో రెండు నిమిషాలో ఆడుతుంది, తర్వాత ఒక్కసారి గొంతు పెంచి ఆగిపోతుంది. ఏళ్ల తరబడి నన్ను షిఫ్టుకి చేర్చిన బండి. ఆ చప్పుడు ఆగేదాకా లోపలికి వెళ్లలేను.